రెండు చేతులు కావలసిన తాళం

నేను ఒక తాళంకప్పను. ఇనుప దేహం, ఇత్తడి ముఖం, ఆ ముఖంలో పక్కపక్కనే రెండు రంధ్రాలు. మామూలు కప్పకు ఒక తాళంచెవి చాలు; నాకు రెండు కావాలి. మొదట ఎడమ రంధ్రంలో ఒకటి తిరగాలి, ఆ తరువాత కుడి రంధ్రంలో మరొకటి తిరగాలి. అప్పుడే నా కొక్కెం వదులుతుంది. ఒక్కటే తిరిగితే లోపల సగం పని జరిగి ఆగిపోతుంది. ఆ స్థితి ఎలా ఉంటుందో మీకు వివరించడం కష్టం. మాట్లాడాలని నోరు తెరిచి, మాట రాక అలాగే నిలబడిపోయిన మనిషిని ఎప్పుడైనా చూసి ఉంటే కొంత ఊహించుకోగలరు.

నా పుట్టిల్లు తమిళదేశంలో తాళాలకు పేరుపడ్డ దిండిగల్లు. నన్ను ఆకురాయితో అరగదీసి నునుపు చేసిన ముసలి పనివాడి గుడిసెకు తలుపే లేదు. లోకంలోని తలుపులన్నిటికీ తాళాలు చేసి పంపి, తాను గోనెపట్టా దించుకుని నిద్రపోయేవాడు. నావంటి రెండు చెవుల కప్పలు అందరూ అడగరు. విజయనగరం దాపున ఏటి ఒడ్డున ఉన్న ఒక జూట్ మిల్లు దొర అడిగాడు. జీతాల గదికి తాళం కావాలి. ఒక చెవి తన దగ్గర, రెండవది పద్దుల అధికారి దగ్గర ఉండాలి. ఒకరిని విడిచి ఒకరు లోపలికి పోకూడదు. అంటే ఇద్దరు పెద్దమనుషులకు ఒకరిమీద ఒకరికి నమ్మకం లేకపోవడమే నా పుట్టుకకు కారణం. ఇంతకంటే గౌరవప్రదమైన కారణాలతో పుట్టినవారు ఎందరున్నారో నాకు తెలియదు.

జీతాల గది గుమ్మానికి వేలాడుతూ కూలీల వరుసను ఎన్నో ఏళ్లు చూశాను. ఒంటినిండా నార ధూళితో, కనురెప్పలు కూడా పసుపుబారి, ఆడా మగా నిలబడి ఉండేవారు. స్వాతంత్ర్యం వచ్చిన రోజున మిల్లు గేటు మీద జెండా ఎగిరింది, పప్పుబిళ్లలు పంచారు. దొర ఓడ ఎక్కాడు. నా తాళంచెవులు చేతులు మారాయి. వరుస మాత్రం అదే గుమ్మం ముందు అలాగే నిలబడింది. స్వేచ్ఛ అనే మాట నేను మొదట విన్నది ఆ రోజునే. విన్నదానికీ చూసినదానికీ పొంతన కుదరక, ఆ మాటకు అర్థం ఇంకెక్కడో ఉంటుందని అనుకున్నాను.

కొన్నాళ్లకు ఉక్కు బీరువా వచ్చింది. నన్ను సామాన్ల కొట్టులో పడేశారు. అక్కడి నుంచి నన్ను బయటికి తెచ్చినది ఒక తగవు.

మిల్లులో పనిచేసిన బెంగాలీ డాక్టరు ఊరు విడిచిపోతూ తన పుస్తకాల బీరువాను కూలీలకు ఇచ్చి వెళ్లాడు. అందులో చాలా భాగం వాళ్ల భాషలోని ఒక గొప్ప కవి రచనలు, వాటి ఇంగ్లీషు అనువాదాలు. కార్మిక సంఘం వారికి మరొక బీరువా ఉంది. దానినిండా ఎర్ర అట్టల పుస్తకాలు. రెంటినీ కూలీ లైన్ల చివర ఉన్న పెంకుటింట్లో పెట్టి పఠనమందిరం అన్నారు. ఎవరి బీరువాను ఎవరు బయట పారేస్తారోనని ఇరుపక్షాలకూ అనుమానం. పెద్దలు కూర్చుని, కొట్టులో తుప్పు పడుతున్న నన్ను తెప్పించారు. ఒక చెవి డాక్టరు పుస్తకాల తరఫున ఫిలోమినా టీచరుకు, మరొకటి సంఘం తరఫున సన్యాసినాయుడికి. ఇద్దరూ వస్తేనే తలుపు. ఒకరి తాళంచెవిని మరొకరు తిప్పకూడదు. ఇది నియమం.

ఫిలోమినా కాన్వెంటులో చదివి, ఆ కాన్వెంటులోనే పాఠాలు చెప్పుకుంటున్న ఒంటరి స్త్రీ. తెల్ల చీర, నల్ల గొడుగు, వాక్యం మధ్యలో ఎన్నడూ ఆగని మాట. డాక్టరు భార్య దగ్గర బెంగాలీ నేర్చుకున్నది. సన్యాసినాయుడు మగ్గాల ఖాతాలో, అంటే మిల్లు నేత విభాగంలో, పనివాడు; సంఘం కార్యదర్శి. రాత్రిబడిలో చదువుకున్నాడు, లాఠీదెబ్బలు తిన్నాడు, రెండింటి గుర్తులూ దాచుకోడు. సాయంత్రం మిల్లు కూత వేయగానే ఆయన చేతులు దులుపుకుంటూ ఒకవైపు నుంచి వచ్చేవాడు. ఆమె గొడుగు మడుచుకుంటూ మరొకవైపు నుంచి వచ్చేది. ఎడమ రంధ్రం ఆమెది, కుడి ఆయనది.

“ఏటి పంతులమ్మా, మీ కవిగారు ఇయ్యాల ఏటన్నారు?” అనేవాడు ఆయన.

“మీరు అడిగేది వెక్కిరించడానికా, వినడానికా, నాయుడుగారూ?”

“రెండింటికీని. ముందు యినీసి, బాగోకపోతే యెక్కిరిస్తాను.”

“జెండా మారినంత మాత్రాన స్వేచ్ఛ వచ్చినట్టు కాదంటారు. దేశాన్ని దేవుణ్ని చేసి మనిషిని బలి ఇవ్వవద్దంటారు.”

“మా పుస్తకాలూ అదే గోల గదండీ! దొర మారితే కూలోడి బతుకు మారదు. బెంగాల్లో నార పీకినోడూ, ఇక్కడ సంచి కుట్టినదీ ఒకటే జాతి. ఆల మద్దిన సరిహద్దేటి?”

“లాభం కోసం మనిషిని పనిముట్టుగా మార్చే లోభమే అన్నిటికన్న పెద్ద సంకెల అని కూడా అంటారు.”

“ఓలమ్మా! అయితే ఆయన్ని మా సంఘంలో సేర్చీసుకుందుమా?”

“మీ సంఘానికి ఆయన సరిపోతారు. ఆయనకు మీ సంఘం సరిపోతుందో లేదో అడిగి చెబుతాను.”

ఆయన నవ్వేవాడు. ఆమె నవ్వదు; కాని ఆ రోజుల్లో ఆమె తాళంచెవి నాలో ఎంత తేలికగా తిరిగేదో నాకు తెలుసు. ఇద్దరూ ఎక్కడ విడిపోయేవారో అదీ తెలుసు. మనిషి లోపలి భయం ముందు పోవాలి, అప్పుడే మిగిలిన సంకెళ్లు సంకెళ్లుగా కనిపిస్తాయని ఆమె వాదం. ఆకలి ముందు పోవాలని ఆయన వాదం.

“కడుపు కాలీగా వుంటే గుండె దైర్యం ఏటి తింటాదండీ?”

“కడుపు నిండినవాళ్లందరూ ధైర్యవంతులే అయితే మన మేనేజరుగారు సింహం కావలసింది.”

ఈ వాదం తేలలేదు. తేలకపోయినా ఆ రెండు పుస్తకాల బీరువాల మధ్య ఒక మంచి పని జరిగింది. సంచులు కుట్టే ఖాతాలోని ఆడవాళ్లకు అక్షరాలు నేర్పాలని ఆమె పట్టుబట్టింది. ఆడవాళ్లు మందిరంలోకి రావడమేమిటని మగవాళ్లు గొణిగితే ఆయన నోరు మూయించాడు. పలకలు, నల్లబల్ల, దీపం, అన్నీ ఆ గదిలోనే అమరాయి. వచ్చినవాళ్లలో ముందుండేది అసిరితల్లి. పొడుగాటి మనిషి, గోనెసూది పట్టి పట్టి బొటనవేలు వంకరపోయింది, మాట మాత్రం వంకర లేదు. చదువు మీద మోజుతో వచ్చినది కాదు ఆమె. మిల్లుకు కుట్టు యంత్రాలు రాబోతున్నాయి. మూటల మీద అచ్చువేసిన గుర్తులూ అంకెలూ చదవగలిగిన ఆడవాళ్లనే యంత్రాల దగ్గర ఉంచుతామని, మిగిలినవారిని తీసేస్తామని యాజమాన్యం ప్రకటించింది. దసరా వెళ్లాక పరీక్ష. చదవడం వస్తే కూలి ఉంటుంది, రాకపోతే లేదు. అన్నం, అక్షరం ఏది ముందన్న వాదం ఆ ఆడవాళ్లకు లేదు. రెండూ వాళ్లకు ఒకే పలక మీద ఉండేవి.

ఇంతలో ఆ కవి జయంతి వచ్చింది. మందిరం వసారాలో సభ పెట్టారు. సన్యాసినాయుడు అధ్యక్షుడు, ‘కవి స్వేచ్ఛాభావన, సామ్యవాదం’ అన్న విషయం మీద ఫిలోమినా ఉపన్యాసం. గొళ్లేనికి వేలాడుతూ అంతా విన్నాను. ఒకే గోడను ఇటువైపు నుంచి ఒకరు, అటువైపు నుంచి ఒకరు తవ్వుతున్నారని, ఇద్దరికీ అవతలివాడి గునపం చప్పుడు వినబడుతూనే ఉందని ఆమె చెప్పింది. ఎవడి స్వేచ్ఛా వాడొక్కడికే దక్కదని కవి అంటాడు. ఎవడి విముక్తీ వాడొక్కడికే సాధ్యం కాదని సామ్యవాదం అంటుంది. ఈ రెండు వాక్యాలకు తేడా చెప్పగలవారు లేచి చెప్పండి, అన్నది.

పట్నం నుంచి వచ్చిన నాయకుడు లేచాడు. “భూముల మీద శిస్తు తిన్నవాళ్ల కుటుంబం ఆయనది. మేడ మీద పడకకుర్చీలో పడుకుని రాసిన స్వేచ్ఛ కూలీలకు ఎందుకు?” అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆమె అధ్యక్షుడి వైపు చూసింది. నిన్నటిదాకా తలుపు దగ్గర నవ్వుతూ ఆ కవి మాటలు విన్న మనిషి, బల్ల మీది మంచినీళ్ల గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాడు.

సభ ముగిసి అందరూ పోయాక తాళం వేయడానికి ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు.

“మీరెందుకు ఒక్క మాట మాట్లాడలేదు?” అన్నది ఆమె.

“అద్దెచ్చుణ్ని గదండీ. అద్దెచ్చుడు మాటాడకూడదు.”

“పోయిన సభలో అధ్యక్షులుగా మీరు మాట్లాడుతూ ఉంటే దీపం కొండెక్కింది. నిజం చెప్పండి. మీరు ఆ పట్నం నాయకుడికి భయపడ్డారు.”

“బయమా? నానా? గేటు కాడ లాటీలు యిరిగిపోనాయి ఈ యీపు మీద!”

“లాఠీకి భయపడనివారు సొంతవాళ్లకు భయపడవచ్చును.”

ఆయన చేయి నా మీద ఆగింది.

“మీరు మట్టుకు?” అన్నాడు మెల్లగా. “ఈ ఆడోళ్లకి మీ కాన్వెంటులో ఒక గది ఇమ్మని మీ మదరు ముందల నోరిప్పి ఎప్పుడైనా అడిగినారేటి? అడగనేదు. మరి దాన్నేటంటారు?”

ఎడమ చెవి తిరిగింది, కుడి చెవి తిరిగింది. నేను మూతపడ్డాను. ఒకరు అటు, ఒకరు ఇటు నడిచిపోయారు.

ఇక ఇక్కడ మొదలైనది మనుషులు మాత్రమే చేయగల పొరపాటు. వాళ్లు రావడం మానివేయలేదు. మానివేస్తే తప్పు తనదవుతుందని ఇద్దరికీ పట్టుదల. కూత వేయగానే ఆయన వచ్చేవాడు. కుడి చెవి పెట్టేవాడు; ఎడమది ముందు తిరగనిదే అది తిరగదు. పెట్టి, కొంచెంసేపు చూసి, తీసుకుని పోయేవాడు. ఆయన పోయాడని తెలిసిన తరువాత ఆమె వచ్చేది. ఎడమ చెవి తిప్పేది. నాలో సగం తెరుచుకునేది. ఆమె దారి వైపు చూసేది, మళ్లీ వెనక్కి తిప్పి గొడుగు విప్పుకుని వెళ్లిపోయేది. నా విధి నేను చేశాను అన్న తృప్తి ఇద్దరి ముఖాల్లోనూ ఉండేది. అంత దిగులుగా ఉండే తృప్తిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఎవరో ఒకరు కొంచెం ముందు వచ్చి ఉంటే, లేదా కొంచెం ఆలస్యంగా పోయి ఉంటే బాగుండునని గుమ్మానికి వేలాడే ఇనుపముక్క అనుకోగలిగినప్పుడు, అంత చదువుకున్నవారు ఎందుకు అనుకోలేకపోయారో!

వసారాలో ఆడవాళ్లు కూర్చునేవారు. బొగ్గుముక్కతో గచ్చు మీద గుర్తున్న అక్షరాలు తమంతట తామే రాసుకునేవారు. తరువాత వానలు పట్టాయి. జల్లు వసారాలోకి కొట్టి రాసినదంతా చెరిపేసేది. అసిరితల్లి ఇద్దరినీ విడివిడిగా పట్టుకుని అడిగింది.

“నాయుడుబాబూ, మీ ఇద్దరి తగువులో మాకేటి సంబందం? తలుపు తియ్యండి.”

“నా తాళం సిద్దంగున్నాదే. ఆవిణ్ని రమ్మను.”

టీచరు దగ్గరా అదే జవాబు, కాస్త మంచి భాషలో. “పోనీ మీ బడిలో ఒక మూల కూకోబెట్టమ్మా,” అన్నది అసిరితల్లి. “అడుగుతాను,” అన్నది టీచరు. మరునాడు ఆ మాట ఎత్తలేదు. ఆ తరువాతా ఎత్తలేదు. తనకు తల్లివంటి, కాన్వెంటు పెద్ద అయిన మదరు ముందు ఆమె నోరు విప్పలేకపోయిందని ఆడవాళ్లు వసారాలో అనుకుంటూ ఉంటే విన్నాను. భయం గురించి అంత గొప్పగా మాట్లాడిన మనిషి!

వానలు తగ్గేవేళకు కుడి రంధ్రంలోకి చెవి రావడం ఆగిపోయింది. సన్యాసినాయుడు మంచం పట్టాడు. మగ్గాల ఖాతాలో పీల్చిన నార ధూళి ఊపిరితిత్తుల్లో గూడు కట్టుకున్నది. ఆయన పోయిన తరువాత, దినాలు కాగానే, ఆయన భార్య వసారాలోకి వచ్చి, ఎడమ చెవి పట్టుకుని నిలబడి ఉన్న టీచరు చేతిలో రెండవ చెవి పెట్టింది.

“మీకిమ్మన్నాడు.”

“ఇంకేమీ చెప్పలేదా?”

“ఇంకేటీ సెప్పనేదు.”

ఆమె వెళ్లిపోయింది. వసారాలో ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. టీచరు తన చెవి పెట్టి తిప్పింది. నాలో సగం తెరుచుకున్నది. ఆయన చెవిని కుడి రంధ్రం దాకా తెచ్చింది. అంచు నాకు తగిలింది కూడా. ఇన్ని నెలల తరువాత తెరుచుకోబోతున్నానని నాలోని పాత నూనె కూడా కదిలినట్టైంది. ఆమె చెవిని వెనక్కి తీసుకున్నది.

“రెండూ నీ సేతిలోనే ఉన్నాయి గదమ్మా. తిప్పీయి,” అన్నది అసిరితల్లి.

“ఇది నాది కాదు. ఆయనది.”

“ఆయన పోనాడు గదమ్మా.”

“అందుకే.”

“అయితే నాకియ్యి. నాను తిప్పుతాను. నా పీక్కేటీ సుట్టుకోదు.”

టీచరు ఆమెను చూసింది. మొదటిసారి చూసినట్టు చూసింది. “సంఘం వారు సమావేశమై ఎవరికి ఇవ్వాలో నిర్ణయిస్తారు, అసిరమ్మా. అది నియమం,” అన్నది. ఎడమ చెవిని వెనక్కి తిప్పింది. నేను మూతపడ్డాను.

ఇక్కడ నేను ఒక మాట చెప్పాలి. ఆమె నియమం పేరు చెప్పింది గాని, ఆమెను ఆపినది నియమం కాదు. ఆ చెవిని తన చేత్తో తిప్పితే, ఆయనతో తెగకుండా మిగిలిపోయిన ఆ తగవు ఇక ఎప్పటికీ తీరదని ఆమె భయం. దుఃఖానికి హక్కు లేదని నేను అనను. కాని దాని బరువును వేరేవాళ్ల నెత్తిన పెట్టే హక్కు ఎవరికీ లేదు. సంఘం వారి సంగతి సరేసరి. దసరాకు ముందు సమావేశం కుదరదన్నారు. దసరా తరువాత చూద్దామన్నారు. పరీక్ష కూడా దసరా తరువాతే కదా అని అడిగిన ఆడవాళ్లకు, ఇవి సంఘం విషయాలు, మీకు తెలియవు అన్నారు. స్వేచ్ఛ గురించి అన్ని ఏళ్లు అంత చర్చ జరిగిన ఆ గుమ్మంలో, ఎవరి స్వేచ్ఛ కోసం ఆ చర్చ జరిగిందో వాళ్ల చేతికి ఒక తాళంచెవి ఇవ్వాలని ఒక్కరికీ తోచలేదు.

మరుసటి ఆదివారం ఎండ కాసింది. అసిరితల్లి, మరి నలుగురైదుగురు ఆడవాళ్లు గునపం పట్టుకుని వచ్చారు. ఇప్పుడు నన్ను బద్దలు కొడతారని అనుకుని సిద్ధపడ్డాను. నిజం చెప్పాలంటే సంతోషపడ్డాను. వాళ్లు నన్ను ముట్టుకోనేలేదు. గునపం మొనను ద్వారబంధంలో గొళ్లెం దిగిన చోట పెట్టి, అందరూ ఒక్కసారిగా “ఐసా!” అని బరువు వేశారు. పాత కర్ర చిట్లింది. మేకులు ఊడాయి. గొళ్లెంతో సహా నేను నేల మీద పడ్డాను. తలుపు తెరుచుకున్నది.

ఆ చప్పుడుకో, ఎవరో చెప్పగానో, చర్చి నుంచి టీచరు గబగబా వచ్చింది. నెత్తి మీద ప్రార్థన ముసుగు ఇంకా తీయలేదు.

“ఏమిటిది? ఇది దౌర్జన్యం!”

“మీ కప్పని ముట్టలేదమ్మా,” అన్నది అసిరితల్లి, నన్ను గొళ్లెంతో సహా ఎత్తి ఆమె చేతికిస్తూ. “సూసుకో, గీత పడనేదు. కప్ప మీ ఇద్దరిదీని. ఉంచుకో. గది మట్టుకు మాది.” ఆపైన గొంతు తగ్గించి, “బేగి రా అమ్మా. గుణింతం కాడ ఆగిపోనాం,” అన్నది.

టీచరు గుమ్మం బయట చాలాసేపు నిలబడింది. లోపల ఆడవాళ్లు పలకల మీది దుమ్ము కొంగులతో తుడుస్తున్నారు. ఆమె అరచేతి చెమట నా ఇత్తడి ముఖానికి తగులుతూ ఉన్నది. చివరికి నన్ను కిటికీ గూట్లో పెట్టి, ముసుగు తీసి భుజాన వేసుకుని, నల్లబల్ల దగ్గరికి నడిచింది. నేను ఆ గది లోపలి భాగాన్ని చూడడం అదే మొదటిసారి. అన్ని ఏళ్లు కాపలా కాసినది ఇంత చిన్న గదినా అనుకున్నాను.

పరీక్షలో అసిరితల్లి, ఇంకా కొందరు నిలిచారు. కొందరు నిలవలేదు, వాళ్లను తీసేశారు. ఆ మూసి ఉన్న నెలలే వాళ్లను ముంచాయి. తీసేసినవాళ్లలో ఒకతె టీచరు ఎదురుపడినప్పుడు నమస్కారం పెట్టేది. ఆ నమస్కారానికి టీచరు తలవంచుకుని పోయేది.

ఆ తరువాత నా బతుకంతా ఫిలోమినా ఇంటి బల్ల మీద గడిచింది. మూతపడే ఉన్నాను, నా కొక్కెంలో ఊడిన గొళ్లెం అలాగే ఇరుక్కుని ఉన్నది. రెండు చెవులూ నా పక్కనే ఉండేవి. ఆమె రాసుకునేటప్పుడు కాగితాలు ఎగిరిపోకుండా నన్ను పెట్టుకునేది. కవి గురించి, సామ్యవాదం గురించి ఎన్నోసార్లు మొదలుపెట్టింది. ఆ రెండూ కలిసే చోట్లు చక్కగా వచ్చేవి, ఆ తరువాత కలం ఆగిపోయేది. జుట్టు తెల్లబడింది. పిలిచేవారు తగ్గారు. ఒక మధ్యాహ్నం అసిరితల్లి పనసతొనలు పట్టుకుని వచ్చింది. అప్పటికి ఆమె ఆడవాళ్ల సంఘానికి పెద్ద, ఎప్పుడూ తొందర.

టీచరు నన్ను ముందుకు జరిపింది. సన్యాసినాయుడి చెవిని ఆమె వైపు చాచింది. “అసిరమ్మా, నేను ఇటు తిప్పుతాను. నువ్వు అటు తిప్పుతావా?”

అసిరితల్లి చెవిని చూసింది, నన్ను చూసింది, టీచరును చూసింది. ఆమె ముఖంలో జాలి లేకపోలేదు.

“ఇప్పుడేటికమ్మా? దీనెనకాతల తలుపు నేదు గదా,” అన్నది. తొనలు గిన్నెలో పెట్టి, మీటింగుకు వేళయిందని వెళ్లిపోయింది. టీచరు చాచిన చేయిని చాలాసేపటికి గాని వెనక్కి తీసుకోలేదు.

టీచరు కన్నుమూశాక కాన్వెంటు వారు పుస్తకాలు తీసుకుని, మిగిలినవి పాత సామాన్ల వ్యాపారికి ఇచ్చివేశారు. అతడు తన పద్ధతి ప్రకారం ఇత్తడిని ఒక కుప్పలో, ఇనుమును ఒక కుప్పలో వేశాడు. చెవులు ఇత్తడివి, అవి అటు పోయాయి. నా ముఖానికున్న ఇత్తడి రేకును ఉలితో ఊడదీసి అటే విసిరాడు. ఇనుము గనుక నేను ఇటు, గొళ్లెంతో సహా.

ఇక్కడ పైన ఆకాశం ఉన్నది, నాలుగు వైపులా దారి ఉన్నది. కాపలా కాయవలసినది ఏదీ లేదు. సాయంత్రమైతే ఎక్కడో ఒక మిల్లు కూత వేస్తుంది. ఆ కూత విన్నప్పుడు నాలోని ఎడమ భాగం ఇప్పటికీ కొంచెం కదలబోతుంది. ఆ తరువాత కుడి భాగం కోసం ఆగుతుంది.